మగ్గం గుంటలో తేలు

నేను చొప్పదండిలో సాలెల ఇంట్లో పుట్టాను. సముద్రం చూసింది ఇరవై నాలుగో ఏట, అదీ ఉద్యోగం కోసం. నా పని జీవితమంతా విషమున్న జీవులతోనే గడిచింది. మొదట సముద్రంలో జెల్లీ చేపలు, తర్వాత మన దగ్గర తేళ్లు. జంతుశాస్త్రం చదివి పరిశోధనలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఎట్లా మొదలుపెట్టాలి సార్ అని అడుగుతుంటారు. ప్రమోషన్లు ఎట్లా వచ్చాయో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు పడుకుందో నేను చెప్పను. అవన్నీ మీ దాకా వాటంతటవే వస్తాయి. నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పడానికే కూర్చున్నాను. అది అర్థం కావాలంటే ముందు నాకు పని నేర్పిన మనిషి గురించి చెప్పాలి.

పెద్దాయన

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కోస్తాలో ఒక చిన్న పరిశోధన శాలలో నాకు సహాయకుడి ఉద్యోగం దొరికింది. పరిశోధన శాల అనగానే పెద్దగా ఊహించుకోకండి. సముద్రం ఒడ్డున రేకుల షెడ్డు, నాలుగు సిమెంటు తొట్లు, ఒక మైక్రోస్కోపు, ఎంత తుడిచినా తుప్పు పట్టే కత్తెరలు. అక్కడి అధికారిని అందరం పెద్దాయన అనేవాళ్లం. మహా కోపిష్ఠి. మూడేళ్లలో ఆయన నోట మెచ్చుకోలు మాట రెండుసార్లు విన్నాను, ఆ రెండూ జెల్లీ చేపల గురించే. నా యాస విని మిగతావాళ్లు మొదటి నెలంతా నవ్వుకున్నారు. ఆయన నవ్వలేదు. ఆ ఒక్కదానికే ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం.

మా పని పెట్టె ఆకారంలో ఉండే జెల్లీ చేప మీద. చేప అంటారు గానీ అది చేప కాదు, ఒంట్లో ఎముక లేదు, మెదడు లేదు. నాలుగు పలకల గాజు గిన్నెను బోర్లించినట్టు ఉంటుంది. నాలుగు మూలల నుంచి సన్నటి దారాలు వేలాడుతుంటాయి. ఆ దారాల నిండా కంటికి కనపడని విషపు గుళికలు. ఒంటికి తగిలితే చాలు, వేల గుళికలు ఒక్కసారే పగిలి విషం చర్మంలోకి దిగుతుంది. నీళ్లలో ఉన్నప్పుడు అది దాదాపు కనిపించదు. తొట్లో వేసి, ఒక నిమిషం పక్కకు తిరిగి మళ్లీ చూస్తే ఎక్కడుందో వెతుక్కోవాలి. సాలెవాణ్ణి కాబట్టి చిక్కుపడిన దారాలు తెగకుండా విడదీయడం నాకు చప్పున వచ్చేసింది. పెద్దాయన అది చూశాడు, మర్నాటి నుంచి ఆ పని నాకే అప్పగించాడు.

ఆ జీవికి కళ్లున్నాయంటే మీరు నమ్మకపోవచ్చు. నాలుగు వైపులా, వైపుకు ఆరు. వాటిలో కొన్నింటికి మన కంటికున్నట్టే కటకం కూడా ఉంటుంది. మెదడే లేనిదానికి ఇన్ని కళ్లెందుకని మేం రోజూ వాదించుకునేవాళ్లం. తొట్లో నల్ల రంగు వేసిన కర్ర దించితే దగ్గరిదాకా వచ్చి పక్కకు తప్పుకునేది. గాజు కడ్డీ దించితే వచ్చి గుద్దుకునేది. ఆ ఒక్క సంగతి తేల్చుకోవడానికి మాకు ఒక వానకాలం మొత్తం పట్టింది. విషం తీయడం ఇంకా చాకిరీ. దారాలు కోసి చల్లటి సముద్రపు నీళ్లలో నాలుగు రోజులు నానబెడితే కండ కరిగి గుళికలు అడుగుకు చేరతాయి. మంచుగడ్డ రాని రోజు అంతా కుళ్లిపోయేది. ఆ కంపు బట్టలకు పట్టి, హోటల్లో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు. కొత్త సంగతి కనుక్కోవడమనేది ఏడాదికి ఒక పూట జరిగితే గొప్ప, మిగతా రోజులన్నీ తొట్లు కడగడమే.

ఒకరోజు ఒక జాలరి చేయి వాచిపోయి మా షెడ్డుకు వచ్చాడు. రెండో చేతిలో గోనె సంచి, అందులో గంపంత తెల్లటి జెల్లీ చేప. ఇదే కుట్టిందన్నాడు. నేను హుషారుగా సంచి అందుకున్నాను. పెద్దాయన నా చేతిలోంచి దాన్ని లాక్కుని మూలకు విసిరేసి, ఆ మనిషి చేతిని వెలుతురులోకి తిప్పాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా నిచ్చెన మెట్ల లాంటి ఎర్రటి గీతలున్నాయి. తెల్లది అట్లాంటి గుర్తు పెట్టదు. కుట్టింది పెట్టె జెల్లీ చేప. అది జాలరికి కనపడలేదు. పక్కన కనపడ్డది తెల్లది, కాబట్టి అదే కుట్టిందనుకున్నాడు. జాలరిని ఆస్పత్రికి పంపే ఏర్పాటు చేశాకే పెద్దాయన నా వైపు తిరిగాడు.

"ముందు మనిషిని చూడవయ్యా. జంతువు ఎక్కడికీ పోదు, సీసాలో పడుంటుంది" అన్నాడు.

నేను తలూపాను. అర్థమైందనే అనుకున్నాను. ఆ జాలరి బతికాడు, నెల తిరక్కుండా మళ్లీ వేటకు వెళ్లాడు.

సముద్రం లేని చోట

మూడేళ్లకు ఆ పథకం ఆగిపోయింది. నాకు కరీంనగర్‌లో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం దొరికింది. కొడుకు ఇంటి దగ్గరికి వచ్చాడని అవ్వ మురిసిపోయింది. నాకు మాత్రం దిగులు. రెండు సీసాల్లో రెండు జెల్లీ చేపలు తెచ్చుకున్నాను. మందు నీళ్లలో అవి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మా అటెండరు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, గిది గంజి గడ్డ కట్టిందా సారూ అని అడిగాడు. తప్పు పట్టలేం, నిజంగానే అట్లా ఉన్నాయి.

పెద్దాయన దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మంచినీళ్లలో బతికే చిన్న జెల్లీ చేప ఒకటుందని, గోదావరి మడుగుల్లో వెతకమని రాశాడు. రెండు వేసవి సెలవులు చెన్నూరు పోయి మడుగుల్లో బట్ట వల వేసుకుని కూర్చున్నాను. ఒక్కటీ దొరకలేదు. నీళ్లు జల్లెడ పట్టే పంతులని అక్కడివాళ్లు నాకు పేరు పెట్టారు. ఏమీ లేదని రాస్తే, ఏ మడుగులో ఎన్ని రోజులు వెతికావో వివరంగా రాసి పంపు, లేదని తేల్చడం కూడా పనే అని జవాబిచ్చాడు. ఈ మాట మీరు కూడా మనసులో పెట్టుకోండి. ఆ మరుసటి ఏడు ఆయన పోయాడు. నాకు ఆ కబురు నెల రోజుల తర్వాత అందింది.

సముద్రం లేకపోయినా మన దగ్గర తేళ్లున్నాయి. ముఖ్యంగా రెండు రకాలు. నల్లది అరచేయంత ఉంటుంది, ముందు చేతులు లావు. అది కుడితే మంట, వాపు, ఒక పూట ఏడుపు, అంతే. ఎర్రది వేలెడు కూడా ఉండదు. అది పిల్లల ప్రాణం తీస్తుంది. జనం మాత్రం నల్లదానికే ఎక్కువ భయపడతారు, చూడ్డానికి పెద్దది కాబట్టి. ఈ రెండింటి విషాలను పోల్చాలని నా ఆలోచన. బ్యాటరీ తీగ తోకకు తగిలిస్తే కొండి చివర చిన్న బొట్టు ఊరుతుంది. దాన్ని గాజు పలక మీద ఆరబెట్టి దాచేవాణ్ణి. మా ప్రిన్సిపాల్ ఒకసారి వచ్చి చూసి, పాఠాలు చెప్పే పని వదిలి ఈ పురుగుల గోల ఏమిటని అడిగి వెళ్లాడు. ఆ తర్వాత మళ్లీ రాలేదు. ఆయన నాకు చేసిన మేలు అదొక్కటే.

తేళ్లు బాగా దొరికేది సాలెల వాడలో. గుంట మగ్గం చూడనివాళ్ల కోసం చెప్తాను. నేలలో గొయ్యి తీస్తారు. నేసే మనిషి దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. ఆ గుంట ఎప్పుడూ చల్లగా, తేమగా, చీకటిగా ఉంటుంది. తేలుకు అంతకంటే సుఖమైన చోటు లేదు. మా బాపు నన్ను చదివించింది అట్లాంటి గుంటలో కాళ్లు పెట్టి పనిచేసే.

తేలుకు కళ్లున్నాయి గానీ చూపు అంతంతమాత్రం. అది లోకాన్ని కాళ్లతో తెలుసుకుంటుంది. నేల కదిలితే చాలు, ఎటువైపు కదిలిందో దానికి తెలుస్తుంది. ఇసుక పళ్లెంలో తేలును వదిలి, పుల్లతో ఒక మూల తట్టి, అది ఎటు తిరుగుతుందో రోజుల తరబడి రాసుకున్నాను. ఈ సంగతి నాకు తేళ్లు తెచ్చిచ్చే నర్సయ్యకు చెబితే నవ్వాడు. మగ్గం ఆడినంతసేపు తేలు కదలదని, ఆగిన కాసేపటికి బయటికొస్తుందని వాడలో అందరికీ ఎరుకేనట.

నర్సయ్య ఆ వాడలో నేత మనిషి. మా బాపును ఎరిగినవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను సారూ అని పిలుస్తూనే నువ్వు అనేవాడు. నేను నర్సన్నా అనేవాణ్ణి. వాడవాళ్ల చేత తేళ్లు పట్టించి తెచ్చేది ఆయనే. అయితే వాళ్లకొక అలవాటు ఉండేది. నాకు కుడుతుందేమోనని కొండి విరిచేసి మరీ తెచ్చేవాళ్లు. విషమంతా అందులోనే ఉంటే, అది లేని తేలు నాకెందుకయ్యా అని నెత్తి కొట్టుకునేవాణ్ణి. సరే సరే అని నవ్వి, మళ్లీ వారం విరిచే తెచ్చేవాళ్లు. ప్రేమతో చేసే పనిని మాన్పించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

వాడలో నా పేరు తేళ్ల సారు. ఎవరికి తేలు కుట్టినా, దాన్ని చంపి గుడ్డలో చుట్టుకుని, కుట్టించుకున్న మనిషిని వెంటబెట్టుకుని ముందు నా దగ్గరికి వచ్చేవాళ్లు. నల్లదైతే ఇంటికి పొమ్మనేవాణ్ణి, ఎర్రదైతే దవాఖానకు పంపేవాణ్ణి. చాలాసార్లు నా మాట నిజమైంది. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు నచ్చింది. అదే నన్ను చెడగొట్టింది.

ఆ పొద్దున

ఎండలు ముదురుతున్న రోజులు. పొద్దున పది గంటల వేళ నేను ప్రయోగశాలలో ఉన్నాను. నర్సయ్య తన బిడ్డ రాజవ్వను భుజాన వేసుకుని వచ్చాడు. వెనక ఆయన భార్య మల్లవ్వ. రాజవ్వకు తొమ్మిదేళ్లు. తండ్రి నేస్తుంటే పక్కన కూర్చుని కండెలకు నూలు చుట్టి ఇచ్చేది. ఆ పొద్దున తండ్రి మగ్గం ఆపి అన్నానికి లేచాడు. కండె ఒకటి దొర్లి గుంటలో పడింది. దాని కోసం పిల్ల గుంటలోకి దిగింది. పాదం మీద కుట్టింది. నర్సయ్య తొక్కుడు చెక్క ఎత్తి చూస్తే కింద నల్ల తేలుంది. దాని తల మీద ఒక్క దెబ్బ వేసి, గుడ్డలో చుట్టి, పిల్లను ఎత్తుకుని వచ్చాడు.

గుడ్డ విప్పి చూశాను. పెద్దది, బాగా ఎదిగింది. ఆ తొందరలో కొండి విరవడం మరిచిపోయారు. అట్లాంటి దానికోసం రెండేళ్లుగా చూస్తున్నాను. మీ దగ్గర దాచడం ఎందుకు, నాకు సంతోషమైంది. దాన్ని పళ్లెంలో పెట్టి, కొలబద్ద తెచ్చి, భూతద్దం తీశాను. పొడవు, తోక కణుపులు, కొండి వంపు, ఒక్కొక్కటే కొలిచి కాగితం మీద రాసుకున్నాను.

రాజవ్వ స్టూలు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడవకపోవడం మంచి గుర్తే అనుకున్నాను. భయం పోగొడదామని దగ్గరికి పిలిచి, భూతద్దం చేతికిచ్చి, తేలు వీపు మీది కళ్లు చూపించాను. వంగి చాలాసేపు చూసింది. నుదురు మీద, మెడ మీద చెమట కారుతోంది. బయట ఎండ, తండ్రి భుజం మీద అంత దూరం వచ్చింది, చెమట పట్టదా అనుకున్నాను. తర్వాత గడప దగ్గరికి పోయి కక్కుకుంది. మల్లవ్వ పరేషాన్ అయింది. భయానికి అట్లా అవుతుందని నేనే సర్దిచెప్పాను.

నర్సయ్య నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"దవాఖానకు తీస్కపోవాల్నా సారూ?"

"నల్లది నర్సన్నా. ఫికర్ జేయకు. ఇంటికి తీస్కపో, సాయంత్రానికి ఆడుకుంటది" అన్నాను.

నన్ను నమ్మి వెళ్లిపోయారు. నేను ఆ తేలును స్పిరిటు సీసాలో వేసి, చీటీ అంటించి, తరగతికి వెళ్లి పాఠం చెప్పాను. ఆ రోజు పాఠం బాగా వచ్చిందని కూడా గుర్తు.

మధ్యాహ్నం మూడు దాటాక నర్సయ్య తమ్ముడు సైకిలు మీద వచ్చాడు. పిల్లకు ఊపిరి ఆడటం లేదని, నోట నురుగు వస్తోందని, దవాఖానకు తీసుకుపోయారని చెప్పాడు. నేను వెళ్లేసరికే అయిపోయింది. మల్లవ్వ పిల్ల కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉంది. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి ఏ తేలని అడిగాడు. నల్లదన్నాను. పొద్దున చెమటలు పట్టాయా, కక్కుకుందా, చేతులు కాళ్లు చల్లబడ్డాయా అని ఒక్కొక్కటే అడిగాడు. చెమట పట్టింది, కక్కుకుంది, చేతులు నేను పట్టుకుని చూడలేదన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, కుట్టింది నల్లది కాదండీ అన్నాడు.

గుంట అలికిన తర్వాత

పిల్ల దినాలయ్యాక నర్సయ్య మగ్గం గుంటను శుభ్రం చేసి అలకబోయాడు. గుంట గోడ పగులులో, తొక్కుడు చెక్కకు జానెడు దూరంలో చిన్న ఎర్ర తేలు దొరికింది. దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"గిది గూడ గా గుంటలనే ఉన్నది సారూ" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. నేనేమన్నానో తెలుసా? ఒక్క గుంటలో రెండు రకాలూ ఉంటాయి నర్సన్నా అని, ఏదో పాఠం చెప్తున్నట్టు అన్నాను. ఆయన ఆ తేలును అక్కడే వదిలి వెళ్లిపోయాడు. చొప్పదండిలో మా బాపు గుంటలో రెండు రకాలనూ చూసి పెరిగినవాణ్ణి నేను. ఆ సంగతి నాకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. అయినా ఆ పొద్దున నా మనసుకు రాలేదు. పళ్లెంలో ఉన్నదే లోకమైంది.

నన్ను ఓదార్చినవాళ్లు, ఆ రోజుల్లో ఎర్ర తేలు విషానికి సరైన మందే లేదు కదా, దవాఖానకు పోయినా ఏం జరిగేది అన్నారు. మందు లేని మాట నిజమే. కానీ పిల్ల పొద్దున్నుంచి దవాఖాన మంచం మీద ఉండేది. వైద్యం తెలిసిన మనిషి ఒకరు పక్కన కూర్చుని చూసేవారు, ఉన్నదేదో ఇచ్చేవారు. బతికేదేమో. ఆ నాలుగైదు గంటలు ఆమెకు లేకుండా చేసింది నేను. ఈ మాటను ఎంత తిప్పి చెప్పినా ఇంతకంటే తక్కువ కాదు.

ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి, ఏ తేలు కుట్టినా నా దగ్గరికి రావద్దని, తేలును వెతుక్కుంటూ కూర్చోకుండా పిల్లను నేరుగా దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పాను. విన్నారు. ఎందుకు చెప్తున్నానో మాత్రం చెప్పలేదు. రాజవ్వకు ఆయుష్షు అంతే ఉందని వాడలో అనుకున్నారు. సారు చూసిండు, అయినా దక్కలే అని నర్సయ్య పదిమందితో అన్నాడని నా చెవిన పడింది. ఆ మాట చాటున రెండేళ్లు దాక్కున్నాను. పెద్దాయన బతికి ఉంటే ఉత్తరం రాసేవాణ్ణా అని చాలాసార్లు ఆలోచించాను. రాసేవాణ్ణి కాదనుకుంటాను.

పరిశోధనలోకి వచ్చే పిల్లలు తప్పు చేస్తారు, అందరం చేశాం. తప్పు చేసిన రోజే ఒప్పుకోండి. రెండేళ్లు ఆగితే ఆ ఒప్పుకోలు కూడా సగం మీ కోసమే అవుతుంది.

నన్ను ఆదిలాబాద్‌కు బదిలీ చేశారు. బయలుదేరే ముందు రోజు పొద్దున నర్సయ్య ఇంటికి వెళ్లాను. నేస్తున్నవాడు నన్ను చూసి మగ్గం ఆపాడు. మల్లవ్వ మంచినీళ్లిచ్చి గోడ పక్కన నిలబడింది. గుంట అంచున కూర్చుని మొత్తం చెప్పాను. కుట్టింది ఎర్రదని, చెమట చూసి కూడా పట్టించుకోలేదని, కక్కుకుంటే భయమన్నానని, దవాఖానకు వద్దన్నది నేనేనని, ఇదంతా ఆ సాయంత్రమే నాకు తెలుసని చెప్పాను. మల్లవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నర్సయ్య తెగిన పోగు ఒకటి ముడి వేసి అన్నాడు.

"నాకు ఎర్కనే సారూ. నీ దగ్గరికి తెస్తుంటే తొవ్వలనే పిల్ల చేతులు సల్లగైనయి. నీకు చెప్పిన. రెండుసార్లు చెప్పిన. నువ్వు తేలును కొలుస్తున్నవు."

ముడిని వేలితో సరిచేసి మళ్లీ అన్నాడు.

"నా చేతికైతే సల్లగనే తగిలింది. అయినా నువ్వు చదువుకున్నోనివి, మనోనివి. నాకంటే నీకే ఎర్క ఉంటది అనుకున్న."

అంతే అన్నాడు. కోపం చేయలేదు. కాళ్లు గుంటలో సర్దుకుని మళ్లీ నేయడం మొదలుపెట్టాడు. నేను లేచి వచ్చేశాను.

ఆ పొద్దున జరిగింది నాకు ఇప్పటికీ అంతా గుర్తుంది. తేలు పొడవు గుర్తుంది, దాని తోక కణుపుల కొలతలు వరసగా చెప్పగలను. రాజవ్వ లంగా రంగు గుర్తుంది, భూతద్దం ఏ చేత్తో పట్టుకుందో గుర్తుంది. నర్సయ్య రెండుసార్లు చెప్పిన మాట మాత్రం ఎంత వెతికినా గుర్తు రాదు. ఆయన చెప్పాడు. నాకు వినపడలేదు.